కారు ఏసీలో గ్యాస్ అయిపోదు

"ఏసీలో గ్యాస్ అయిపోయింది" అనే మాట వింటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా? వంటింటి సిలిండరా? కారును చల్లబరిచే ఆ గ్యాస్ మండదు, ఖర్చు కాదు, ఎవరూ దాన్ని తాగరు. సన్నటి గొట్టాల్లో తిరిగిన దారినే తిరుగుతూ ఉంటుంది. మగ్గంలో నూలు మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయి మళ్ళీ వచ్చినట్టు. నాడె లోపలి నూలు అయిపోతుంది గాని నాడె అయిపోదు. ఒకనాడు నాడె కనబడకపోతే ఎటు ఎగిరిపడిందో వెతుకుతాం. అయిపోయింది పాపం అనుకుని కొత్తది పెట్టుకుని ఊరుకుంటామా?

ఇంత చిన్న సంగతి కోరుట్లలో ఒక దుకాణదారుకు చెప్పాను. వాడు వినలేదు. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒక మనిషి ప్రాణం ఆ సంగతి మీదే వేలాడింది. అందుకే రాస్తున్నాను.

ఆ మనిషి నా భార్య. ఆమె కిడ్నీలు పనిచేయడం మానేశాయి. రోజు విడిచి రోజు జగిత్యాల పోయి డయాలసిస్ చేయించుకోవాలి. ఆమె దాన్ని 'కడుగుడు' అంటుంది. "రేపు కడుగుడున్నది, బియ్యం తక్కువ పొయ్యి" అని నాకు వంట పురమాయిస్తుంది. ఒళ్ళంతా పిండేసినట్టయి మంచం దిగిన మనిషికి బస్సులో నిలబడే శక్తి ఎక్కడిది? ఆమె కోసమే ఒక పాత చిన్న కారు కొన్నాం. ఆమె కోసమే నేను ముసలితనంలో స్టీరింగు పట్టుకున్నాను. నేర్పించింది జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మా అల్లుడు. నేర్పించేటప్పుడు నేను తిట్టిన తిట్లు అతను ఇప్పటికీ ఎవరికీ చెప్పడు. మర్యాదస్తుడు.

కారు వచ్చిన వారానికే కొండగట్టుకు పోయి పూజ చేయించాలన్నది నా భార్య. చేయించాం. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ కారు ముందు జాలీకి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి కట్టడం ఆమె పని. ఇలాంటి వాటి మీద నా అభిప్రాయమేమిటో ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. నేను చెప్పడం మానలేదు, ఆమె కట్టడం మానలేదు. అట్లా మా కాపురం సాగిపోయింది.

ఆ వేసవిలో ఏసీ లోంచి చల్లగాలి పోయి ఉత్త గాలి వచ్చింది. మరునాటికి అది కూడా వడగాలి అయింది. కోరుట్ల బస్టాండు దాటాక ఉన్న ఏసీ దుకాణానికి పోయాను. దుకాణదారు బానెట్ ఎత్తాడు, ఒక గొట్టం తగిలించి ముల్లు చూశాడు.

"గ్యాస్ అయిపోయింది కాకా."

"అయిపోతదా?"

"ఎండలు గదా. ఎక్కువ నడిపిస్తె ఎక్కువ కాలుతది."

"కాలుతదా? మరి పొగ ఎటునుంచి వస్తది?"

వాడు నవ్వాడు. "నువ్వు కూసో కాకా, చాయ తాగు. జరసేపట్ల కశ్మీర్ చేసి ఇస్త."

చేసి ఇచ్చాడు, కాదనను. కశ్మీర్ కొన్నాళ్ళే ఉంది. మళ్ళీ వడగాలి. మళ్ళీ పోయాను. ఈసారి నేను ఊరికే పోలేదు. రాత్రులు కూర్చుని ఫోనులో చూసి, కారు వెంట వచ్చిన ఇంగ్లీషు పుస్తకం కూడబలుక్కుని, తయారై పోయాను.

నా చదువు సంగతి ఇక్కడ చెప్పాలి. నేను బడి గడప తొక్కలేదు. పుట్టింది సిరిసిల్లలో, పెరిగింది సాంచెల మధ్య. కరెంటు మగ్గాన్ని మేము సాంచె అంటాం. షెడ్డు గోడకు అంటించిన పాత పేపర్ల మీద తెలుగు నేర్చుకున్నాను. మోటార్లకు కొట్టిన ఇత్తడి రేకుల మీద ఇంగ్లీషు నేర్చుకున్నాను. సాంచె ఎందుకు ఆగిందో చూడకుండా మళ్ళీ స్విచ్చు వేసేవాణ్ణి మా షెడ్డులో ఎవరూ పనిమంతుడు అనేవాళ్ళు కాదు. పోగు తెగితే ముడి వేయడం పిల్లలకు కూడా వస్తుంది. ఒకే చోట పదేపదే ఎందుకు తెగుతుందో చెప్పినవాడే పనిమంతుడు. ఈ ఒక్క సూత్రంతో జీవితమంతా గడిపాను.

"ఎక్కడో లీకున్నది. ముందు అదెక్కడుందో చూడు, తర్వాత నింపు" అన్నాను.

"లీకు చూసుడంటె అన్ని విప్పాలె కాకా. గీ సీజన్ల నాకు గంత టైం యాడిది? కొట్టించుకోని పో. అందరు గట్లనే చేస్తరు."

"సైకిల్ ట్యూబుకు పంచరైతె గూడ గాలి కొట్టి పంపుతరా?"

"గది సైకిల్ కాకా, గిది ఏసీ."

బాకీ వసూలుకు వచ్చినవాడికి నచ్చజెప్పినట్టు ఎంత ఓపికగా చెప్పాడో! ఆ ఓపికకే నాకు ఒళ్ళు మండింది. కానీ మరునాడు ఆమెకు కడుగుడు ఉంది. పళ్ళు కొరుక్కుని మళ్ళీ నింపించాను.

ఆ గ్యాస్ ఇంకా తొందరగా పోయింది. పోయిన రోజు నాకు కళ్ళకు కట్టినట్టుంది. జగిత్యాల ఆసుపత్రిలో ఆమె వంతు ఎప్పుడూ పొద్దెక్కాకే వచ్చేది. పొద్దుటి వంతులు ముందు వచ్చినవాళ్ళకు పోయాయి. కాబట్టి మేము తిరుగుదారి పట్టేది నిప్పులు చెరిగే ఎండలో. ఆ రోజు మేడిపల్లి దాటాక "ఆపు, ఆపు" అన్నది. కారు ఆపేలోపే తలుపు తెరిచి వాంతి చేసుకుంది. ముఖం సున్నం కొట్టినట్టయింది. రోడ్డు పక్క ఇంటి అరుగు మీద ఒకామె చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాట పక్కకు నెట్టి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నా భార్యను అరుగు మీద పడుకోబెట్టి కొంగు కొసతో విసురుతూ నా వైపు చూసి, "గింత ఎండల గీమెను యాడికి తిప్పుతున్నవ్ పెద్దయ్యా? మనిషివేనా?" అని అడిగింది.

చెంబు ఆమెకు తిరిగిచ్చి, నా భార్యను లేపి కారెక్కించాను.

ఇంటికి వచ్చాక నా భార్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని గట్టిగా ఒకే మాట అన్నది. "ఇగ నేను రాను. సస్తె గీ ఇంట్ల నీడకు సస్త గని గా కార్ల ఉడికి సావ."

కోపంలో అన్నదనుకున్నాను. కాదు. వంతు రోజు వచ్చింది, ఆమె లేవలేదు. బిడ్డ జగిత్యాల నుంచి వచ్చి బతిమాలింది, ఏడ్చింది. "నీ ఏడుపు నీ అత్తగారింట్ల ఏడువు" అన్నది తల్లి. కిరాయి కారు మాట్లాడదామంటే పెళ్ళిళ్ళ సీజను, రోజు విడిచి రోజు ఎవడొస్తాడు? ఒక వంతు తప్పిపోయింది. సాయంత్రానికి పాదాలు ఉబ్బాయి. ఆసుపత్రి వాళ్ళు ఫోను చేసి, ఇంకొక వంతు తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తుందన్నారు. ఆ మాట ఆమెకు వినిపించేట్టు గట్టిగా చెప్పాను.

"సల్లగైతె వస్త, లేకుంటె లేదు. గంతే" అన్నది.

ఎల్లుండి మళ్ళీ వంతు. నా చేతిలో ఉన్నది ఆ మధ్య రోజే.

ఆ సాయంత్రమే అల్లుడు బైకు మీద దిగాడు. చేతిలో ఫోనులో తెప్పించిన గ్యాస్ డబ్బా, దానికో పొట్టి గొట్టం, గొట్టానికి రంగురంగుల అంకెల బిళ్ళ.

"మామా, ఇంట్లనే పోసుకోవచ్చట. వీడియో చూసిన. అయిదు నిమిషాల పని."

"లీకున్నదయ్యా. పోసినా పోతది."

"పోతె పోనియ్యి మామా. ఎల్లుండికి ఉంటె సాలు గదా."

ఎల్లుండికి ఉంటే చాలు. ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను. పైగా నాకూ లోపల ఒక కోరిక ఉంది. ఆ కోరుట్లవాడి చెయ్యి లేకుండా నా కారు నేను చల్లబరుచుకోవాలని.

ఇంకా వెలుతురు ఉంది. వేపచెట్టు కిందికి కారు తీశాం. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులకు మందపు తొడుగులు వేసుకున్నాను. ఆ గ్యాస్ చర్మం మీద చిమ్మితే మంచు పట్టి మాంసం చచ్చిపోతుందని పుస్తకంలో ఉంది. అల్లుడు ఇంజను స్టార్ట్ చేసి ఏసీ పూర్తిగా తిప్పాడు. వాకిట్లో నలుగురు చేరారు. మా వాడలో బానెట్ ఎత్తితే చాలు, పిలవకుండానే వస్తారు.

"ఏం జేస్తున్నరు?"

"ఏసీల గ్యాస్ పోస్తున్నరట."

"ముసలోడు పేల్చుకుంటడేమో, జర ఎనుకకు జరుగున్రి."

రెండు గొట్టాల్లో లావుదానికే, తక్కువ ఒత్తిడి ఉన్నదానికే తగిలించాలి. సన్నదానికి తగిలిస్తే డబ్బా చేతిలోనే పగులుతుంది. రెండుసార్లు చూసుకుని తగిలించాను. డబ్బా చేతిలో చల్లబడుతూ వచ్చింది. చుట్టూ తేమ పట్టింది. కారు లోపల కూర్చున్న అల్లుడు కేక పెట్టాడు. "సల్లగ వస్తంది మామా!"

ముల్లు ఆకుపచ్చ రంగులోకి వచ్చింది. నేను ఆపబోయాను. అల్లుడు దిగి వచ్చి డబ్బా ఊపి చూశాడు. "ఇంక శానున్నది మామా. పారేస్తమా? పొయ్యి." వెనుక నుంచి వాడ పెద్దలు కూడా అందుకున్నారు. "పొయ్యిర్రి, లీకున్నదంటిరి గదా, ఇంత ఎక్కువుంటె ఎక్కువ దినాలు వస్తది."

ఈ లెక్క మా వాడలో అందరికీ వచ్చు. కూరలో ఉప్పు తప్ప ఏదైనా ఎక్కువుంటే మంచిదే. పోశాం. గ్యాస్‌ను నొక్కి తోసే కంప్రెసర్ 'టక్' మని ఆగింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ ఆగింది. చల్లగాలి పోయి వడగాలి వచ్చింది. అల్లుడి ముఖం చిన్నబోయింది.

"ఎక్కువ పోస్తె తక్కువ సల్లగ ఎట్లయితది మామా?"

"పడుగు మరీ గుంజి కడితె ఏమయితది? పోగులు తెగుతయి. తెగకముందు సాంచె ఆగిందని సంతోషపడు."

"ఐపోయిందా ఆట?" అని ఒకడు అడిగాడు. ఇంజను ఆపించాను. తాళంచెవి తిప్పగానే వాకిలి నిశ్శబ్దమైంది. నాకు మాత్రం పెద్ద తేడా తెలియలేదు. సాంచెల మోత నా చెవుల్లో సగం తినేసింది. పక్కన మనిషి మామూలుగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాను.

అప్పుడే గడప దగ్గర కూర్చున్న నా భార్య చెయ్యి ఎత్తింది. ఉబ్బిన పాదాలతో ఎప్పుడు లేచి వచ్చిందో నేను చూడలేదు. అరిచింది, నాకు వినబడేట్టు.

"ఇగో! ఏదో బుసగొడుతంది!"

"ఏంది?"

"పాము తీరుగ. సుయ్యిమని. కారు ముందట."

వాడ జనం రెండడుగులు వెనక్కు తగ్గారు. అల్లుడు చెవి పెట్టాడు. "అవును మామా, సన్నగ వస్తంది." ఎక్కడినుంచో అతనికి అంతు పట్టలేదు. నాకైతే అసలే వినబడదు. కానీ వినబడకపోతేనేం, నురుగు కళ్ళకు కనబడుతుంది. సబ్బునీళ్ళు కలపమన్నాను. "సబ్బు నురుగు నిలువది. కుంకుడు రసం తీస్కపో, తలకు పోసుకుందామని నానబెట్టిన" అన్నది నా భార్య. గిన్నెలో చిలికి, చిక్కటి నురుగు గుడ్డముక్కతో గొట్టాల కీళ్ళకు పట్టించాను. ఏమీ లేదు. జాలీ వెనుక చేపముళ్ళలాంటి రేకులతో పలక ఉంటుంది. దాన్ని కండెన్సర్ అంటారు. వేడి గ్యాస్ చల్లబడేది అందులోనే. దాని మీద అద్దాను.

ఒక మూల నురుగు పొంగింది. ఉలవచారు ఉడికినట్టు బుడగలు, పగులుతూ మళ్ళీ పుడుతూ.

బ్యాటరీ లైటు పెట్టి చూశాను. ఆ మూల జిడ్డు, జిడ్డుకు అంటిన దుమ్ము. దాని మధ్యలో గుండుసూది గుచ్చినట్టు గాటు. గాటుకు ఆనుకుని ఇనుప తీగ కొసలు, ఒకటి కాదు, గుత్తి. తీగలన్నీ జాలీ సందుల్లోంచి బయటికి వచ్చి ఒక ఎండిన నిమ్మకాయకు, రెండు పచ్చిమిరపకాయలకు చుట్టుకుని ఉన్నాయి.

అమావాస్య అమావాస్యకూ కొత్త నిమ్మకాయ. పాత నిమ్మకాయ తీసేది గాని పాత తీగ కొస లోపలే ఉండిపోయేది. కారు కదిలినప్పుడల్లా తీగ కొస రేకును గీకింది. నిమ్మరసం కారి ఆ గాటును తిన్నది.

నేను నెమ్మదిగా లేచి నిలబడ్డాను. మా కాపురం మొదలైన నాటి నుంచి ఈ నిమ్మకాయల మీద నేను గెలవాలని చూస్తున్నాను. అట్లాంటిది వాడంతా చూస్తుండగా, చేతిలో ఆధారంతో సహా, గెలుపు వచ్చి నా ఒడిలో పడింది. నేనేం దాచుకోలేదు. తీగల గుత్తి కత్తిరించి, నిమ్మకాయతో సహా ఎత్తి చూపించాను.

"సూడుండ్రి! గిది మా ఇంటిని కాపాడే నిమ్మకాయ! గ్యాస్ తాగింది ఎండ గాదు, గిది!"

అల్లుడు నేలవైపు చూశాడు. వాడ జనం నా భార్య వైపు చూశారు. ఆమె నిమ్మకాయను చూసింది, తన పాదాలను చూసుకుంది.

"దారంతో కడితె తెగి రోడ్డు మీద పడుతది. ఎవరన్న తొక్కితె పాపం వాళ్ళకు తగులుతది. అందుకే తీగ కట్టిన" అన్నది. తర్వాత గొంతు సవరించుకుంది. "అయినా నిమ్మకాయ పనేంది? మనిషి మీదికొచ్చేది తన మీదికి తీసుకునుడు. పోయిన ఏడే నేను పోతనన్నరు గదా దవఖానల. పోయిన్నా? పోలే. మరి యాడికి పోయింది గా కీడు? కారు మీదికి పోయింది. కిడ్నీ నాది, గ్యాస్ దానిది. నువ్వే చెప్పు, ఏది నయం?"

వాకిలి గొల్లుమన్నది. అల్లుడు కూడా నవ్వాడు, మర్యాదస్తుడు. చేతిలో ఆధారం పట్టుకుని నేను ఓడిపోయినవాడిలా నిలబడ్డాను. కానీ ఓడిపోలేదు. ఎక్కడ పోతుందో తెలిసింది.

అప్పటికప్పుడు సిరిసిల్లకు ఫోను చేశాను. సాంచెల షెడ్డులో నాతో కలిసి పనిచేసిన ఒకతని కొడుకు అక్కడ కార్ల ఏసీలు మాత్రమే చేస్తాడు, వేరే పని ముట్టడు. కారు పేరు చెప్పి కండెన్సర్ కావాలన్నాను. "కరీంనగర్ల చెప్త పెద్దబాపు, పొద్దుగాల మొదటి బస్సుల వస్తది. నువ్వు గూడ గట్లనే రా" అన్నాడు.

తెల్లవారుతుండగానే బయలుదేరాను. కథలాపూర్, రుద్రంగి, వేములవాడ దాటి ఎండ ముదరకముందే సిరిసిల్ల చేరాను. అతని దుకాణం ఉన్న గల్లీలో సాంచెలు ఇంకా ఆడుతున్నాయి. మోత నాకు చెవుల్లోకి రాదు, అరికాళ్ళలోంచి వస్తుంది.

"ఏం పెద్దబాపు, గింత దూరం అచ్చినవ్? కోరుట్లల ఏసీ షాపులు లేవా?"

"గ్యాస్ అమ్మే షాపులున్నయి. ఏసీ బాగుజేసే షాపుకు అచ్చిన."

నవ్వుతూ తన యంత్రం గొట్టాలు తగిలించాడు. లోపలి గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా వెనక్కు లాగి తూచే యంత్రం అది. తూకం చూసి అతని నవ్వు ఆగింది.

"గిదెవ్వలు పోసిండ్రు?"

"నేనే. నిన్న ఇంట్ల."

"ఫోన్ల డబ్బ కొన్నవా? గింతకు గింత పోసినవ్ గద పెద్దబాపు! రాత్రంత లీకైనంక గూడ ఎక్కువే ఉన్నది. కంప్రెసర్ ఖరాబైతుండె."

"డబ్బా ముల్లు పచ్చరంగుల ఉండె."

"గా ముల్లు ఎండనుబట్టి అబద్ధమాడుతది. మే నెలల ఎర్రరంగు, డిసెంబర్ల పచ్చరంగు. ఎంత పొయ్యాలెనో బానెట్ కింద చిట్టీ మీద రాసుంటది, తూచి పొయ్యాలె. ఇంకోటి, లీకైన గొట్టంలకు గాలి పోతది, తేమ పోతది. గవన్ని గుంజకుంట ఎంత మంచి గ్యాస్ పోసినా మురిగిన గంజిల మంచి గంజి కలిపినట్టే."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. పడుగుకు పెట్టే గంజి మురిగితే బట్టంతా పోతుంది. సరే, ఇంట్లో డబ్బాతో కాని పని ఒకటి ఉందని ఒప్పుకున్నాను. కానీ మొత్తం ఒప్పుకోలేదు.

"డబ్బ పొయ్యకుంటె బుస రాకపోవు. బుస లేకుంటె లీకు దొరక్కపోవు. నిండుగ పోసిన షాపోడు రెండుసార్లు చూసి పట్టనిది, మా ఇంటామె గడపల కూసోని పట్టింది."

"గదైతె నిజమే" అని తల ఊపాడు. "సగం మీరు చేసిండ్రు, సగం నేను చేస్త. గని ఇంకోసారి డబ్బ ముట్టుకోకు, నీకు దండం."

పాత కండెన్సర్ తీసి కొత్తది బిగించాడు. తేమ పీల్చే బుడ్డి కూడా కొత్తది వేశాడు. అప్పుడు నేను అడ్డం తగిలాను.

"గ్యాస్ ముట్టకు. ముందు గాలి మొత్తం గుంజి, మిషిన్ బంద్ పెట్టి, ముల్లు నిలబడుతదో లేదో చూపియ్యి."

"నువ్వు చెప్తెనే నేను నేర్చుకున్ననా పెద్దబాపు?"

"నువ్వు నేర్చుకున్నది నేను చూడాలె."

యంత్రం గొట్టాల్లోని గాలినంతా లాగేసింది. ముల్లు సున్నా కిందికి దిగింది. అతను యంత్రం ఆపాడు. ఎక్కడ సూదిమొనంత సందు ఉన్నా బయటి గాలి లోపలికి దూరి ముల్లును పైకి నెడుతుంది. నేను స్టూలు లాక్కుని ముల్లు ముందు కూర్చున్నాను. చాయ వచ్చింది, చల్లారింది. అతను వేరే కారు పని చూసుకుని వచ్చాడు. నేను లేవలేదు. పాదాల కింద గల్లీలోని సాంచెలన్నీ ఆడుతున్నాయి, నేల వణుకుతోంది, స్టూలు వణుకుతోంది. ముల్లు మాత్రం గోడకు గీసిన గీతలా నిలబడింది.

ఎందరో నా మాట విని తలాడించి తమ పని తాము చేసుకుపోయారు. బడికి పోనివాడి మాట కదా. ఆ ముల్లు మాత్రం నేను చెప్పినచోట నిలబడింది. "పొయ్యి ఇగ" అన్నాను. తూచి పోశాడు. కారు లోపల కూర్చుంటే చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మిట్టమధ్యాహ్నం అద్దాలు ఎక్కించుకుని, రోడ్డు మీద పోయే ప్రతివాణ్ణి జాలిగా చూసుకుంటూ కోరుట్ల చేరాను.

నా భార్యను పిలిచి గాలి వచ్చే చోట చెయ్యి పెట్టమన్నాను. పెట్టింది. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఇంటి ముందట అన్ని కార్లు సల్లగనే ఉంటయి. మేడిపల్లి కాడ చూద్దాం" అన్నది.

మేడిపల్లి కాడ చూద్దామన్నదంటే వస్తానన్నట్టే. లోపలికి పోయి బియ్యం తక్కువ పోశాను.

మరునాడు జగిత్యాల పోయాం. కడుగుడు అయ్యేసరికి ఎప్పటిలాగే ఎండ నడినెత్తి మీద ఉంది. అల్లుడు, బిడ్డ ఆమెను మెల్లగా వెనుక సీట్లో పడుకోబెట్టారు. నేను ఏసీ పెట్టి అద్దంలో చూస్తూ నడిపాను. మేడిపల్లి దాటాం. ఆ అరుగు మీద ఆ బీడీల ఆమె అట్లాగే కూర్చుని ఉంది. నేను కారు నెమ్మది చేసి హారన్ కొట్టాను. ఆమె తలెత్తి, వెనుక కిటికీ అద్దంలోంచి చూసి చెయ్యి ఊపింది. నా భార్య చూడలేదు. కొంగు ముఖం మీదికి లాక్కుని, మోకాళ్ళు ముడుచుకుని, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. డయాలసిస్ మొదలైన నాటి నుంచి ఆ దారిలో ఆమె నిద్రపోవడం నేను చూడలేదు.

మృగశిర కార్తె వచ్చింది, వాన పడింది, మళ్ళీ ఎండ కాసింది. ఆమె ఒక్క వంతు తప్పలేదు. ఏసీ మొదటి రోజులాగే ఉంది. నిమ్మకాయ కూడా ఉంది. "ముందట వద్దంటె ఎనుక కడ్త. ఎనుక ఏం గొట్టాలు లేవు గదా?" అని అడిగింది. సైలెన్సర్ ఉందన్నాను. "దానికి కట్ట తియ్యి" అన్నది. ఇప్పుడు వెనుక బంపర్‌కు నూలు దారంతో కడుతోంది. తెగి పడితే నేను దిగి ఏరుకొచ్చే ఒప్పందం మీద.

ఒకరోజు జగిత్యాల నుంచి వస్తూ, కోరుట్లలో ఆ ఏసీ దుకాణం ముందు కావాలనే కారు ఆపాను. అద్దం దించి పిలిచాను. ఎవరి కారుకో గ్యాస్ కొడుతున్నవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం కాకా, శాన దినాలకు! గ్యాస్ అయిపోయిందా?"

"చెయ్యి లోపట పెట్టు."

పెట్టాడు. చెయ్యి వెంటనే తీయలేదు.

"మంచిగున్నది. గ్యాస్ యాడ కొట్టిచ్చినవ్?"

"కొట్టిచ్చుడు గాదు. ఎక్కడ పోతుందో పట్టిన, బంద్ చేపిచ్చిన. అయిపోతదంటివి గదా? సూడు, అయిపోలే."

వాడేదో అనబోయాడు. వాడి దుకాణం ముందు వరుసగా నిలబడ్డ కార్లవాళ్ళు మా వైపు చూస్తున్నారు. వాళ్ళకూ చెప్పాలని నోరు తెరిచాను. నాడె దగ్గర మొదలుపెట్టి కుంకుడు నురుగు దాకా మొత్తం చెప్పాలని. వెనుక సీట్లోంచి నా భార్య కొంగు తీసి గట్టిగా అరిచింది, నాకు వినబడేట్టు, ఆ దుకాణానికంతా వినబడేట్టు.

"నీ ముచ్చట మన్నువడ! అద్దం ఎక్కియ్యి. ఊరి ఎండంత లోపటికొస్తంది!"